ఎర్రముల్లు చూపే పొద్దు

పొద్దున లేవగానే ఫఖ్రున్నీసా మొదట చూసేది వంటింటి గట్టు మీద బోర్లించిన పళ్లేన్ని. పళ్లెం ఎత్తితే కింద గిన్నె ఖాళీగా ఉండాలి. ఉంటే అమ్జద్ తిన్నట్టు. అది చూసుకున్నాకే గ్యాస్ వెలిగించి, అమీర్‌పేట లేడీస్ హాస్టల్‌కు పంపాల్సిన రొట్టెల పిండి ముందేసుకుని కూర్చుంటుంది.

అమ్జద్ ఆమె కొడుకు. పంజాగుట్ట సందులోని ఈ రెండు గదుల ఇంట్లోనే ఉంటున్నాడు. కాకపోతే కనబడి ఏడాది కావస్తోంది.

అమీర్‌పేటలో మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక కాంప్లెక్స్ ఉంది. కింద జిరాక్స్ షాపు, రెండో అంతస్తులో కోచింగ్ సెంటర్. నాలుగో అంతస్తులో చికాగో పొద్దు నడుస్తుంది. ఇక్కడ మిట్టమధ్యాహ్నమైతే ఆ అంతస్తు కిటికీలు చీకటిగా ఉంటాయి. ఇక్కడ పొద్దుగూకి మగ్‌రిబ్ అజాన్ అయ్యే వేళకు వాటిలో ఎండ పడుతుంది. చలికాలంలో అక్కడ పనిచేసేవాళ్లు స్వెటర్లు చంకన పెట్టుకుని మెట్లెక్కుతారు. పావురాలు మిగతా కిటికీల మీద వాలతాయి గానీ వాటి మీద వాలవు. ఓనరు ఆ అంతస్తుకు కిరాయి ఎక్కువ గుంజుతాడు. పగలే పనిచేస్తున్నారు కదా, నైట్ అలవెన్స్ దేనికని కంపెనీ ఆ కిరాయికి ఒప్పుకుంది.

ఎక్కడం సులువే. జాగ్రత్తంతా దిగేటప్పుడు. నాలుగో అంతస్తు గడప దాటి దిగే మనిషి, చేతి మీద ఏ టైం నడుస్తుంటే ఆ టైంలోకే దిగుతాడు. సెల్‌ఫోన్లు పనికిరావు, పైకి పోగానే అక్కడి టైం పట్టుకుంటాయి. అందుకని అందరూ చేతికి వాచీ పెట్టుకుని, కిందే సరిచూసుకుని ఎక్కుతారు.

పోయినేడు ఒక పొద్దున పైన అమ్జద్ వాచీలో బ్యాటరీ అయిపోయింది. పక్కవాడి దగ్గర కొత్త బ్యాటరీ అడిగి వేసుకున్నాడు. టైమెంత అని అడిగితే ఆరు అన్నాడు వాడు. అమ్జద్ ముళ్లను ఆరు మీద పెట్టి దిగాడు. పొద్దున ఆరో సాయంత్రం ఆరో వాచీకి చెప్పలేదు. అది సాయంత్రమనుకుంది. అప్పటి నుంచి అమ్జద్‌కు, ఇంటికి మధ్య పన్నెండు గంటల తేడా. వీళ్లకు పొద్దున అయితే అతనికి మునిమాపు. గిన్నె ఖాళీ అవుతుంది, దండెం మీద తువ్వాలు తడిగా ఉంటుంది, గుమ్మంలో చెప్పులు జరిగి ఉంటాయి. మనిషి మాత్రం కనబడడు. సరిచేసుకోవాలంటే మళ్లీ ఆ గడప దాటి దిగాలి. అతని పొద్దులో ఆ తలుపుకు ఎప్పుడూ తాళమే.

రొట్టెలు తీసుకుపోవడానికి వచ్చే హాస్టల్ వార్డెన్ కమలకుమారి మొదట్లో ఓదార్చేది. "ఇంట్లనే ఉన్నడు గదనే, తింటున్నడు గద. మా ఆయన కనబడతడు గనీ ఏం ఫాయిదా?"

ఫఖ్రున్నీసా నవ్వేది కాదు. అసలే తక్కువ మాటల మనిషి. ఏడాదిగా ఇంకా తగ్గిపోయాయి. కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడుతోంది.

అలాంటి ఇంట్లోకి కూతురు లుబ్నా తీపి మాట తెచ్చినట్టే తెచ్చింది. ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చింది. అదే కాంప్లెక్స్, అదే అంతస్తు.

"వేరే తాన లేదా?" అంది ఫఖ్రున్నీసా.

"రెండేండ్ల సంది తిరుగుతున్న అమ్మీ. వేరే తాన ఉంటే అన్నయ్య పోయిన తానకు ఎందుకు పోత?" అంది లుబ్నా. "ఇప్పుడు రూల్స్ మారినయి. బ్యాటరీ వాచీలు బంద్ చేసిన్రు. ఆటోమేటిక్ ఉండాలె, చికాగో టైం వేరే ముల్లుతో చూపాలె. గట్లయితే మనది వాళ్లది కలవదట."

తల్లి పిండి పిసుకుతూనే ఉంది. వద్దంటే పిల్ల రెండేళ్ల చెప్పుల అరుగుడు వృథా. సరే అంటే రేపు గట్టు మీద రెండు గిన్నెలు బోర్లించాల్సి వస్తుందేమో.

"వాచీ నేను చూస్త," అంది చివరికి. "అది మంచిదయితేనే పోవుడు."

* * *

బాబూ మియా దుకాణం పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన. దుకాణమంటే ఒక గాజు బల్ల, ఒక స్టూలు, వెనక గోడ నిండా వాచీలు. ఫఖ్రున్నీసా భర్త బతికున్న రోజుల నుంచీ తెలిసిన మనిషి. ఆయన పోయాక కూడా ఆపా, అంటే అక్కా, అనే పిలుస్తాడు.

"బంజారా హిల్స్ సాబ్‌లు పెట్టుకునేటివి చూపించి నీ టైం ఖరాబ్ చెయ్యనాపా," అంటూ ఒక డబ్బా తీశాడు. "మన అసొంటోళ్లకు అందేది గిదొక్కటే. లోపల మిషన్ జపాన్‌ది. పై డబ్బా సనత్‌నగర్‌ల చేసిన్రు. బెల్టు జర చీపుది, అబద్ధం ఎందుకు చెప్పాలె?"

ఆమె వాచీని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. మెల్లగా ఊపితే లోపల ఏదో గర్రున తిరిగింది.

"లోపల చిన్న బరువుంటది. చెయ్యి కదిలితే అది తిరుగుతది, వాచీకి బలం ఎక్కుతది. చేత్తోని చావి ఇచ్చుడు లేదు దీనికి. చెయ్యి ఊకున్నదా, వాచీ సుత ఊకుంటది."

"ఈ ఎర్రముల్లు?"

"గదే రెండో టైం. పగలు రాత్రి కలిపి ఒక్క చుట్టే తిరుగుతది. అంచు చూడు, సగం తెలుపు, సగం నలుపు. ముల్లు తెలుపు మీదుంటే అక్కడ పగలు, నలుపు మీదుంటే రాత్రి."

ఫఖ్రున్నీసా వాచీ పక్కనున్న చావి బుడిపె లాగి తిప్పి చూసింది. ఒక మెట్టు లాగితే ఎర్రముల్లు గంటగంటకూ టక్కున దూకింది. వాచీ ఆగలేదు, సెకండ్ల ముల్లు తన దారిన తాను పోతూనే ఉంది. ఇంకో మెట్టు లాగితే సెకండ్ల ముల్లు నిలబడిపోయింది.

"పెద్ద వాచీలల్ల నీ గంటల ముల్లే దూకుతది, వాచీ ఆగది," అన్నాడు బాబూ మియా. "విమానాలెక్కేటోళ్లకు గది. దిగిన ఊరికి తగ్గట్టు మార్చుకుంటరు. దీంట్ల నీ గంట మార్చాలంటే వాచీ మొత్తం ఆపాలె. అవతలి గంట మాత్రం ఎన్నిసార్లన్న తిప్పు, నీ టైంకు ఏం గాదు. ఇది తిరిగేటోళ్ల వాచీ కాదాపా. ఇంట్ల కూసోని అవతలోళ్ల కోసం చూసేటోళ్లది."

ఆమె తలెత్తి చూసింది. అతను అద్దం తుడిచే గుడ్డ మడతపెట్టుకుంటున్నాడు.

"ఒక్కటి యాదుంచుకో. ఎప్పుడన్న ఆగితే, ముళ్లు ముందుకు తిప్పుకుంట పో. ఒక తాన తారీఖు దూకుతది. గది రాత్రి పన్నెండు. గక్కడి నుంచే పొద్దున, గక్కడి నుంచే సాయంత్రం. తారీఖు దూకుడు చూడకుండ టైం పెడితే..." అని నాలుక కరుచుకున్నాడు. ఎవరి ఇంటి మనిషితో మాట్లాడుతున్నాడో గుర్తొచ్చింది.

"ఎన్నున్నయి ఇసొంటివి?" అంది ఆమె, ఆ మాట విననట్టే.

"ఒక్కటే. ఇంకోటి వచ్చే నెల వస్తది. వారం పెట్టుకో ఆపా. మంచిగ నడిస్తేనే మాట్లాడుదాం."

* * *

ఆమె వాచీని నమ్మకంతో పెట్టుకోలేదు. తప్పు పట్టాలనే పెట్టుకుంది. తప్పు దొరికితే లుబ్నాను ఆపొచ్చు.

రొట్టెలు ఒత్తుతుంటే మణికట్టు దగ్గర గర్రుగర్రుమనేది. టీవీలో వార్తలు మొదలయ్యే క్షణానికి సరిచూసింది. రోజుకు కాస్త ముందుకు పోతోంది. వెనకబడటం కంటే నయమే. అంట్లు తోమింది, లోపలికి నీళ్లు పోలేదు. ఆవిరి మీద పెట్టింది, అద్దం మసకబారలేదు. పెనం అంచు తగిలి అద్దానికి సన్నటి గీత పడింది, బాబూ మియాకు చెప్పాలనుకుంది. చావి గాట్లలో పిండి ఇరుక్కుంటోంది. బెల్టు వాసన. నిద్రపోయేటప్పుడు ఒక రాత్రి పక్కకు తిప్పి, ఒక రాత్రి బోర్లించి పెట్టింది. ఎలా పెట్టినా నడిచింది. మంచి వాచీయే. మనసులో ఒప్పుకోవడానికి మాత్రం ఆమెకు రెండు రోజులు ఎక్కువ పట్టింది.

ఎర్రముల్లును పరీక్షించడం మిగిలింది. చికాగోకు ఎంత తేడానో లుబ్నాను అడగాలి. పిల్ల పడుకుని ఉంది. బాబూ మియా అవతలోళ్లు అన్నాడు. ఫఖ్రున్నీసాకు అవతల ఉన్నది ఒక్కడే. చావి ఒక మెట్టు లాగి ఎర్రముల్లును తిప్పింది. తన టైం పొద్దున ఆరు. ఎర్రముల్లును సాయంత్రం ఆరు మీద, నలుపు మొదలయ్యే చోట నిలిపింది. తన గంటకు సరిగ్గా అవతలి వైపు.

పక్క గదిలో స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

ఒత్తుతున్న రొట్టె వదిలేసి వెళ్లింది. ఎవరూ లేరు. గ్లాసు అంచు తడిగా ఉంది.

ఆ మర్నాడు మంచం కిర్రుమంది. ఆ పైరోజు కొబ్బరినూనె వాసన, అమ్జద్ తలకు ఎక్కువ రాసుకునే నూనె, గది దాటి వంటింటి దాకా వచ్చింది. అతను దగ్గినప్పుడు ఆమె పేరు పెట్టి పిలిచింది. దగ్గు ఆగింది. అతనూ విన్నాడేమో, ఎటు తిరగాలో తెలియక నిలబడ్డాడేమో. ఎర్రముల్లు అక్కడ ఉన్నంతసేపూ కొడుకు ఇంట్లో మెసలుతున్న అలికిడి. ముల్లును పక్కకు తిప్పి చూసింది. ఇల్లు బోసిపోయింది. మళ్లీ చప్పున యథాస్థానానికి తిప్పింది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సోమవారం సాయంత్రం లుబ్నా తయారై చెయ్యి చాపింది. "వాచీ అమ్మీ."

ఫఖ్రున్నీసా బెల్టు విప్పుతుంటే ఆ వేళకి అమ్జద్ నిద్ర లేస్తున్నట్టు లోపలి గదిలో దుప్పటి దులిపిన చప్పుడు వినబడింది. లుబ్నా వాచీ అందుకుని, ఎర్రముల్లును చికాగో మీదికి టకటకా తిప్పేసింది. దుప్పటి చప్పుడు మధ్యలోనే తెగిపోయింది.

"ఏమైంది అమ్మీ, గట్ల చూస్తున్నవ్?"

"జాగ్రత్తగా దిగు," అంది తల్లి. అంతకంటే ఏం చెబుతుంది? ఒక వాచీ, ఒక ఎర్రముల్లు, ఇద్దరు పిల్లలు.

లుబ్నా తెల్లారాక సరిగానే దిగొచ్చింది. అన్నం తిని పడుకుంది. గూట్లో పెట్టిన వాచీని ఫఖ్రున్నీసా మధ్యాహ్నం తీసి చూస్తే సెకండ్ల ముల్లు ఆగి ఉంది. చెవికి ఆనించి చూసింది. పిల్లను లేపింది.

"పైన చేతులతోని ఏం పని చేస్తవ్?"

"చేతులతోనా? కీబోర్డు మీద ఉంటయి అమ్మీ. టైపు చేస్త."

"చెయ్యి కదలదా?"

"వేళ్లు కదులుతయి," అంది లుబ్నా నిద్రకళ్లతో.

వాచీలో తప్పు లేదు. తన చేతులకు నడిచిన వాచీ పిల్ల చేతికి నడవడం లేదు. ఆ రోజు నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. లుబ్నా దిగిరాగానే వాచీ తల్లి చేతికి మారేది. ఆమె వార్తల వేళకు సరిచూసుకుని, ఎర్రముల్లును అమ్జద్ వైపు తిప్పుకుని, రెండు పూటల రొట్టెలూ ఒత్తి వాచీకి బలం ఎక్కించేది. ఆ కాసేపు ఇంట్లో కొడుకు అలికిడి వినేది. సాయంత్రం లుబ్నా ముల్లును చికాగోకు తిప్పుకుని, తల్లి ఎక్కించిన బలంతో పైకి పోయి, దిగి వచ్చేది. వాచీ ఆగలేదు.

గురువారం పండగ సెలవని హాస్టల్ పిల్లలు ఊళ్లకు పోయారు. ఆ రోజు రొట్టెలు లేవు. ఫఖ్రున్నీసా వాచీ పెట్టుకుని అమ్జద్ మంచం పక్కన కూర్చుంది. అతను అటు తిరిగి, ఇటు తిరిగి పడుకుంటున్న చప్పుళ్లు వింటూ కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆమె చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి. సాయంత్రం లుబ్నా వాచీ పెట్టుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున లుబ్నా రాలేదు. కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేశారు. నెలాఖరు పని ఉంది, పైనే ఉంటుంది, అక్కడే పడుకోవడానికి ఏర్పాటు చేశాం, మళ్లీ అక్కడి పొద్దున షిఫ్టు చేసి దిగుతుంది.

ఫోన్ పెట్టేశాక గానీ ఫఖ్రున్నీసాకు నిన్న తన చేతులు ఊరికే ఉన్న సంగతి గుర్తు రాలేదు.

చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే బాబూ మియా దుకాణానికి వెళ్లింది. శుక్రవారం, నమాజుకు మూసి ఉంది. తెరిచేదాకా ఎండలో నిలబడింది.

"నిండ బలమెక్కిన వాచీ, చెయ్యి కదలకుంటే ఎంతసేపుంటది?"

"ఎక్కువల ఎక్కువ దినమున్నర," అన్నాడు బాబూ మియా. ఆమె ముఖం చూసి, "ఏమైందాపా?" అన్నాడు.

"నిండ లేకుంటే?"

అతను స్టూలు ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు. ఇంటికి పోయింది, హాస్టల్‌కు రాత్రి రొట్టెలు ఉన్నాయి. పిండి కలిపింది. ఒక రొట్టె ఒత్తింది, రెండోది ఒత్తలేకపోయింది. చేతులకు పిండితోనే బయటికొచ్చి ఆటో ఎక్కింది.

* * *

అమీర్‌పేట చేరేసరికి మగ్‌రిబ్ అయిపోయింది. వీధిలో లైట్లు వెలిగాయి. పైన నాలుగో అంతస్తు కిటికీలకు ఎండ తగులుతోంది.

నాలుగో అంతస్తు తలుపు దగ్గర సెక్యూరిటీ మొగిలయ్య ఆమె మణికట్టు చూశాడు. ఒట్టి పిండే కనబడింది.

"వాచీ లేకుండ పైకి రావద్దమ్మా."

"మా బిడ్డ దగ్గరుంది."

"ఎక్కుడు సులువే. దిగుడు చూసుకోవాలె మరి," అంటూ దారి ఇచ్చాడు.

లోపల చలిగా ఉంది. వరసల్లో పిల్లలు, కిటికీల నిండా పలచటి పొద్దుటి ఎండ. లుబ్నా మూడో వరసలో కూర్చుని ఉంది. మోచేతులు బల్లకు ఆనించి ఉన్నాయి. వేళ్లు మాత్రం కదులుతున్నాయి. ఫఖ్రున్నీసా కూతురి చెయ్యి పట్టుకుని తన వైపు తిప్పింది.

సెకండ్ల ముల్లు నిలబడి ఉంది.

"ఎప్పుడాగింది?"

లుబ్నా వాచీ వంక చూసి తెల్లబోయింది. "చూడలే అమ్మీ."

సూపర్‌వైజర్ వచ్చాడు. "మేడం, ఫ్లోర్ మీదికి ఫ్యామిలీని అలౌ చేయం. ఆమె షిఫ్టు ఇప్పుడే స్టార్ట్ అయింది."

"వాచీ ఆగింది," అంది ఫఖ్రున్నీసా.

చుట్టూ ఉన్న పిల్లలందరూ టైపు ఆపి ఎవరి మణికట్టు వాళ్లు చూసుకున్నారు. ఒకరిద్దరు చేతులు విదిలించారు. సూపర్‌వైజర్ కూడా తన చెయ్యి చూసుకున్నాడు. పక్కకు తప్పుకున్నాడు.

గడప దగ్గర మొగిలయ్యను టైం అడిగారు.

"ఏడుంబావు."

"పొద్దుగాలదా, సాయంత్రందా?" అంది ఫఖ్రున్నీసా.

మొగిలయ్య బుర్ర గోక్కున్నాడు. "పొద్దంత ఎండ కొట్టే తాన నిలబడ్డోణ్ని, నన్నడిగితే? నువ్వెప్పుడొచ్చినవ్?"

"మగ్‌రిబ్ అయినంక."

"గట్లయితే సాయంత్రమే."

ఆమె చావి రెండు మెట్లు లాగింది. ముళ్లు ముందుకు తిప్పుతూ పోయింది. తారీఖు గడిలో అంకె మెల్లగా జారడం మొదలుపెట్టి, టక్కున దూకింది. రాత్రి పన్నెండు. పొద్దున ఆరు దాటించింది, అమ్జద్ ఆగిపోయిన ఆరు. మధ్యాహ్నం పన్నెండు దాటింది, తారీఖు కదల్లేదు. సాయంత్రం ఏడుంబావు. తారీఖు మొగిలయ్య వాచీలో ఉన్నదే. చావి నొక్కేసింది.

వాచీ నడవలేదు. దాంట్లో బలం లేదు.

వాచీని తన చేతికి కట్టుకుంది. పీట లేదు, కర్ర లేదు. గడప దగ్గర నిలబడి గాలిలో రొట్టెలు ఒత్తడం మొదలుపెట్టింది. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి. గర్రుగర్రుమంది. మొగిలయ్య మర్యాదగా అటు తిరిగాడు. సెకండ్ల ముల్లు ఒకసారి వణికి కదిలింది.

"ఎర్రముల్లు చికాగో మీద పెడత, ఇటియ్యి," అంది లుబ్నా.

ఫఖ్రున్నీసా చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒక మెట్టు చావి లాగి, ఎర్రముల్లును తెలుపు మీదికి, పొద్దున ఏడు మీదికి తెచ్చింది.

"చికాగో గది కాదు అమ్మీ."

"తెలుసు."

గడప అవతల మెట్ల మీద ముందు ఒక చెప్పు కనబడింది. మడమ దగ్గర అరిగిన నీలం చెప్పు. తర్వాత మోకాలు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి. గడ్డం పెరిగింది. నూనె పెట్టుకుని దువ్వుకున్నాడు.

లుబ్నా తల్లి భుజం గట్టిగా పట్టుకుంది.

అతను తలెత్తాడు. "అమ్మీ, గింత పొద్దుగాల ఎట్లొచ్చినవ్?"

"పొద్దుగాల కాదు బేటా," అంది ఫఖ్రున్నీసా.

"రోజు వచ్చి కూసుంటున్న. మీ లెక్కల చికాగోల తెల్లారే టైంకు తలుపు తీస్తరేమోనని. తాళమే ఉంటది." అతను ఆమె వెనక తెరిచి ఉన్న తలుపు చూశాడు, దాని నుంచి పడుతున్న ఎండ చూశాడు. లేచి నిలబడ్డాడు.

గడప దాటించాలి. మొగిలయ్య అడ్డం వచ్చాడు.

"ఐడీ కార్డు?"

"వీడి కార్డు మీరే క్యాన్సల్ చేసిన్రు," అంది లుబ్నా.

"గట్లయితే లోపలికి రావొద్దు గద."

"ఒక్క అడుగు," అంది ఫఖ్రున్నీసా. "పెట్టి తీస్తడు."

మొగిలయ్య ఆమె చేతుల మీది పిండి వంక, గాలికి ఎండిపోయి పగుళ్లిచ్చిన పిండి వంక చూశాడు. "నా చాయ్ ఫ్లాస్కు ఏడ పెట్టిన?" అనుకుంటూ వంగి బల్ల కింద వెతకసాగాడు.

అమ్జద్ గడప దాటి ఒక అడుగు లోపల పెట్టాడు. తన పాత వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. ఇక వాచీ అతని చేతికి మారాలి. అక్కడే ఫఖ్రున్నీసా ఆగిపోయింది. తన చేతి నుంచి వాచీ తీస్తే ఎర్రముల్లు ఎవరిదీ కాదు. కొడుకు మళ్లీ కనబడకుండా పోతే?

ఎడమ చేత్తో అతని మణికట్టు పట్టుకుంది. "లుబ్నా, విప్పు."

లుబ్నా తల్లి చేతి మీది బెల్టు విప్పింది. అమ్జద్ కనబడలేదు. ఎదురుగా గోడే ఉంది. కానీ ఫఖ్రున్నీసా వేళ్ల మధ్య మణికట్టు అలాగే ఉంది. వెంట్రుకలు తగులుతున్నాయి, నాడి కొట్టుకుంటోంది. ఆమె వదల్లేదు. లుబ్నా వాచీని ఆ ఖాళీ చుట్టూ చుట్టింది. బెల్టు చివర మొదటిసారి జారిపోయింది. రెండోసారి బకిల్‌లో దూరింది. చివరి చిల్లు దాకా లాగి బిగించింది.

బెల్టు కింద చర్మం కనబడింది. తర్వాత చొక్కా చెయ్యి. తర్వాత ముఖం, భయంతో కళ్లు మూసుకుని.

ఉన్నది ఒకే వాచీ కాబట్టి ముగ్గురూ ఒకే మణికట్టు పట్టుకుని దిగారు. చెయ్యి ఆగకుండా ఊపమని మలుపు మలుపుకూ తల్లి చెబుతూనే ఉంది. రెండో అంతస్తు దగ్గర కోచింగ్ సెంటర్ పిల్లలు గుంపుగా ఎదురై దారి ఇచ్చారు. కింద జిరాక్స్ షాపు ముందు మిర్చీ బండి, నూనె మరుగుతోంది. బోర్డులన్నీ వెలుగుతున్నాయి. మెట్రో పిల్లర్ల కింద ఇంటికి పోయే బండ్లు ఇరుక్కుని హారన్లు కొడుతున్నాయి.

సాయంత్రమే.

* * *

పంజాగుట్టలో బాబూ మియా షట్టరు సగం దించి ఎదురుచూస్తున్నాడు. ముగ్గురిని లెక్కపెట్టుకున్నట్టు చూశాడు. అమ్జద్‌తో, "గడ్డం జర ఎక్కువైంది మియా," అన్నాడు. తర్వాత ఫఖ్రున్నీసా వైపు తిరిగాడు.

"చెప్పాపా. వాచీ ఎట్లుంది?"

"బెల్టు మంచిది కాదు," అంది ఆమె. "అద్దానికి గీత పడ్డది, అది నా వల్లనే. జర ముందుకు పోతది. చేతులు ఊకుండేటోళ్లకు పనికిరాదు."

"అయితే వాపస్ ఇస్తవా?"

ఆమె అమ్జద్ చెయ్యి వంక చూసింది. "వాపస్ ఇయ్యను."

లుబ్నా మెల్లగా అడిగింది. "రేపటికి నాకెట్ల అమ్మీ?"

"వచ్చే నెల ఇంకోటి వస్తదట. వచ్చినంక అది సుత చూస్త. అప్పటిదాక ఇంట్ల ఉండు."

ఇంటికొచ్చి ముగ్గురూ తిన్నారు. అమ్జద్ కళ్లు మూతలు పడుతుంటే గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఇది రాత్రి, పడుకోవచ్చు అని లుబ్నా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వాళ్లు పడుకున్నాక ఫఖ్రున్నీసా గట్టు తుడిచింది. వద్దనుకుంటూనే గిన్నెలో అన్నం, కూర పెట్టి పైన పళ్లెం బోర్లించింది.

పొద్దున లేవగానే వంటింట్లోకి వెళ్లింది. పళ్లెం ఎత్తింది.

గిన్నె నిండుగా ఉంది. ముట్టుకున్నవాళ్లు లేరు.

ఆమె పళ్లెం పట్టుకునే గోడకు చేరబడింది. పక్క గదిలోంచి గురక వినిపిస్తోంది, ఏడాదిగా వినని గురక. చేతికి వాచీ లేకుండానే ఆమెకు వినిపిస్తోంది. పళ్లెం చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టి, ఇద్దరు పిల్లలూ పడుకుని ఉన్న ఇంట్లో, గ్యాస్ వెలిగించి పిండి ముందేసుకుంది.